రెండు బల్లల మధ్య

పోలవరంలో పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద పసివాడికి లాల పోస్తున్నారనుకోండి. పుట్టి మూడు వారాలు దాటింది. కళ్లలో పచ్చదనం పోలేదు. పొద్దుటెండ తగిలితే తగ్గిపోతుందంటుంది అమ్మమ్మ. పసరు పోయిద్దామంటుంది పక్కింటావిడ. మీరు గుడ్డ విప్పి చూడండి. విరేచనం సుద్దలా తెల్లగా ఉంది! ఆ గుడ్డతో సహా ఈరోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పైత్యరసం పేగులోకి దిగే నాళం మూసుకుపోయి ఉండొచ్చు. 60 రోజుల లోపు పట్టుకుంటే, కాలేయానికి పేగునే కుట్టే కసాయ్ ఆపరేషన్ ఫలించే అవకాశం ఎక్కువ. అది దాటిపోయి కాలేయం గట్టిపడితే మిగిలేది మార్పిడే.

ఆ మార్పిడి చూడటానికి ఇప్పుడు హైదరాబాద్ ఉస్మానియాకి రండి. 2024 జులైలో ఖమ్మం జిల్లా మూడేళ్ల బాబుకి డాక్టర్ మధుసూదన్ బృందం తల్లి కాలేయంలోని భాగాన్ని అమర్చింది ఈ ప్రభుత్వాసుపత్రిలోనే. అలాంటి రోజున థియేటర్లో ఉన్నారు మీరు. ఒక బల్ల మీద తల్లి. ఆమె కాలేయం ఎడమ అంచు నుంచి పావువంతు తీస్తున్నారు. మిగిలింది కొన్ని వారాల్లో పెరుగుతుంది. ఆ ముక్కని మంచు గిన్నెలో పెట్టి, చల్లటి ద్రవంతో నెత్తురు కడిగేస్తే పాలిపోయింది. రెండో బల్ల మీద బిడ్డ. ముడుచుకుపోయిన ఆకుపచ్చ కాలేయం బయటికొచ్చేసింది. సిరలు కుట్టారు. క్లాంపు వదిలారు. చూస్తూండగానే ముక్క ఎర్రబడింది! ధమని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. భూతద్దాల కళ్లజోళ్లతో, కంటికి ఆనని దారంతో గంటసేపు. అక్కడ గడ్డ కడితే అంతా పోతుంది. చివరికి పైత్యనాళాన్ని పేగుకి కలిపారు.

1963లో డెన్వర్‌లో సర్జన్ స్టార్జల్ కాలేయ మార్పిడిని మొట్టమొదట ప్రయత్నించింది పైత్యనాళం మూసుకుపోయే ఇదే జబ్బున్న మూడేళ్ల పిల్లవాడి మీద. ఆ బిడ్డ బల్ల మీదే పోయాడు. 1989లో బ్రిస్బేన్‌లో తల్లి ఇచ్చిన ముక్కతో ఒక పిల్లవాడు నిలిచాడు. 1998లో ఢిల్లీలో, తండ్రి ఇచ్చిన ముక్కతో కాంచీపురం పసివాడు.

ఐసీయూ బయట నర్సు తండ్రికి, కొత్త కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా కాచే టాక్రోలిమస్ మందు చూపిస్తోంది.

"పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. ఒక్క పూట గూడ తప్పొద్దన్నా."

"ఎన్నాళ్లండీ?"

"బతికినన్నాళ్లు. రక్తపరీక్షకు గూడ తీస్కరావాలె, మోతాదు దాన్నిబట్టే మారుస్తరు."