నెట్‌వర్క్ వెలుపలి ఆసుపత్రి బిల్లు

ఆరోగ్య బీమా సంస్థతో గానీ, ప్రభుత్వ ఆరోగ్య పథకంతో గానీ ఒప్పందం లేని ఆసుపత్రిలో వైద్యం పొందినప్పుడు రోగి కుటుంబం స్వయంగా చెల్లించవలసి వచ్చే బిల్లును నెట్‌వర్క్ వెలుపలి ఆసుపత్రి బిల్లు అంటారు. తమ వద్ద కార్డు ఉంది కనుక వైద్యం ఉచితమని నమ్మి చేరినవారికి ఈ బిల్లు ఊహించని దెబ్బ అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్య పట్టణాల్లోను ఉన్నా, పెద్ద ఆసుపత్రులకు దూరంగా ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా వంటి కొండ ప్రాంతాల్లో దీని తీవ్రత ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ ప్రాంతపు పరిస్థితి, బిల్లు పెరగడానికి కారణాలు, బాధితులకు చట్టరీత్యా ఉన్న మార్గాలు వివరించబడ్డాయి.

నెట్‌వర్క్ అంటే ఏమిటి

బీమా సంస్థ లేదా ప్రభుత్వ ట్రస్టు కొన్ని ఆసుపత్రులతో ముందుగా ఒప్పందం చేసుకుంటుంది. ఒక్కొక్క చికిత్సకు ఇంత అని ధర నిర్ణయిస్తారు. దీనిని ప్యాకేజీ అంటారు. ఆపరేషను, మందులు, పరీక్షలు, పడక, భోజనం అన్నీ సాధారణంగా ఆ ధరలోనే కలిసి ఉంటాయి. ఒప్పందం చేసుకున్న ఆసుపత్రుల సముదాయమే నెట్‌వర్క్. ఒప్పందం లేని ఆసుపత్రికి ఈ ధరలతో నిమిత్తం లేదు, అది తన సొంత ధరల పట్టిక ప్రకారమే వసూలు చేసుకుంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఒక ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన అక్కడ జరిగే ప్రతి చికిత్సా పథకం కిందికి రాదు. ఒప్పందం విభాగాల వారీగా ఉంటుంది. ఎముకల విభాగానికి గుర్తింపు ఉండి, గుండె జబ్బుల విభాగానికి గుర్తింపు లేని ఆసుపత్రి ఉండవచ్చు. గోడ మీద పథకం బోర్డు చూసి లోపలికి వెళ్ళినవారు మోసపోయేది సాధారణంగా ఇక్కడే.

రాష్ట్రంలో పథకాల చరిత్ర

2007కు పూర్వం పేద కుటుంబానికి పెద్ద జబ్బు వస్తే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవడమే ప్రధానమైన దారి. ఆ దరఖాస్తుల తాకిడే ఒక క్రమబద్ధమైన పథకానికి దారితీసింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జులై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని పాలకొండ, సీతంపేట ప్రాంతాలు అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నందున వాటికి తొలి విడతలోనే ఈ సదుపాయం దక్కింది. పార్వతీపురం, కురుపాం, సాలూరు అప్పట్లో విజయనగరం జిల్లాలోనివి కనుక ఇవి తరువాతి విడతలో చేరాయి. ఈ రెండు భాగాలను కలిపి 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు.

మొదట్లో ఒక కుటుంబానికి సంవత్సరానికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే అదనంగా మరో 50 వేల వరకు పరిమితి ఉండేది. రాష్ట్ర విభజన తరువాత పథకం ఎన్టీఆర్ వైద్యసేవగా, 2019 తరువాత డాక్టర్ వైఎస్ఆర్ ఆరోగ్యశ్రీగా, 2024లో తిరిగి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారింది. 2020 నుండి వెయ్యి రూపాయలు దాటిన చికిత్సలను, వార్షికాదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలను పథకం పరిధిలోకి తెచ్చారు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరులో ఈ పథకాన్ని బీమా సంస్థలతో కలిపి నడిపే కొత్త విధానానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పేర్లు, పరిమితులు ఎన్ని మారినా నెట్‌వర్క్ ఆసుపత్రిలో, ముందస్తు అనుమతితో, నగదు లేకుండా వైద్యం అనే మూల సూత్రం అలాగే ఉంది. బయటి ఆసుపత్రిలో కట్టిన డబ్బును తిరిగి ఇవ్వడం ఈ పథకపు పద్ధతి కాదు.

పార్వతీపురం ప్రాంతంలో పరిస్థితి

పార్వతీపురం నుండి విజయనగరం సుమారు 80 కిలోమీటర్లు, విశాఖపట్నం దాదాపు 140 కిలోమీటర్ల దూరం. మెదడు, గుండె, మూత్రపిండాల వంటి ప్రత్యేక వైద్యానికి ఇక్కడివారు ప్రధానంగా విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి మీదనో, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల మీదనో ఆధారపడతారు. గుమ్మలక్ష్మీపురం, కురుపాం, కొమరాడ, పాచిపెంట మండలాల్లోని సవర, జాతాపు, గదబ తదితర గిరిజనుల గ్రామాల్లో కొన్నింటికి వాహనం వెళ్ళే దారి లేదు. రోగిని డోలీలో మోసుకొని రోడ్డు మీదికి తెచ్చిన తరువాతే 108 వాహనం అందుతుంది. అప్పటికి గంటలు గడిచిపోయి ఉంటాయి. ఆ స్థితిలో మొదట కనబడిన ఆసుపత్రిలో చేర్చడమే తప్ప, అది నెట్‌వర్క్‌లో ఉందా లేదా అని విచారించే తీరిక ఎవరికీ ఉండదు.

108 వాహనం సాధారణంగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికే తీసుకువెళ్తుంది. అక్కడి నుండి పై ఆసుపత్రికి పంపే సమయమే కీలకం. ప్రభుత్వ ఆసుపత్రి వ్రాసి ఇచ్చిన రిఫరల్ చీటీతో నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్ళినవారికి ఇబ్బంది తక్కువ. ప్రైవేటు వాహనంలో బయలుదేరినవారు డ్రైవరు గానీ, ఊళ్ళో సూదిమందు వేసే ఆర్.ఎం.పి. గానీ సూచించిన చోటుకు చేరుతారు. ఈ సూచనల వెనుక కమీషను ఉంటుందన్నది ఈ ప్రాంతంలో బహిరంగ రహస్యం. అయితే అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు, దారి లేని ఊళ్ళో అర్ధరాత్రి పలికే మనిషి కొన్నిసార్లు ఆ ఆర్.ఎం.పి. ఒక్కడే.

సరిహద్దు కావడం మరొక చిక్కు. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ జిల్లాల గ్రామస్థులు వైద్యానికి పార్వతీపురం వస్తుంటారు. ఒక రాష్ట్రపు సొంత పథకం కార్డు మరొక రాష్ట్రంలో దానంతట అది చెల్లదు. 2018 సెప్టెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకపు కార్డు మాత్రం ఆ పథకంలో నమోదైన ఆసుపత్రుల్లో దేశమంతటా చెల్లుతుంది. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది.

బిల్లు కట్టడానికి చేసే అప్పు ఇంకొక కథ. జీడిపిక్కల మీదనో, చింతపండు మీదనో ముందుగానే డబ్బు తీసుకొని, పంట వచ్చాక తక్కువ ధరకు షావుకారుకు అప్పగించడం పాత అలవాటు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమిని బదిలీ చేయడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. ఆ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం చేయడానికి 1960 నాటి నిబంధన ప్రకారం లైసెన్సు ఉండాలి. కాబట్టి ఆసుపత్రి ఖర్చుకని భూమి వ్రాయించుకున్న కాగితానికి అక్కడ చట్టబలం లేదు. ఇటువంటి కాగితం ఎవరైనా చూపి బెదిరిస్తే పార్వతీపురంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులను ఆశ్రయించవచ్చు.

బిల్లు పెరిగే తీరు

ప్యాకేజీ లేనిచోట బిల్లు ముక్కలు ముక్కలుగా పెరుగుతుంది. గది అద్దె, ఐ.సి.యు. రోజువారీ రుసుము, వైద్యుడు చూసిన ప్రతిసారీ ఫీజు, నర్సింగు, ఆక్సిజను గంటల లెక్క, చేతితొడుగులు, సిరంజీలు విడివిడిగా పడతాయి. ఆసుపత్రి మందుల దుకాణంలో కొన్న మందుల చీటీలు వేరు. చేరేటప్పుడు కట్టించుకున్న అడ్వాన్సు చూసి మొత్తం ఖర్చు అంతేననుకోవడం పరిపాటి. తుది బిల్లులో ఆ అడ్వాన్సును తగ్గించారో లేదో చూసుకోవాలి.

కొన్ని ధరలు మాత్రం ఆసుపత్రి ఇష్టానికి వదిలినవి కావు. గుండెకు వేసే స్టెంట్ల ధరలకు కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలోను, మోకాలి మార్పిడి పరికరాల ధరలకు అదే ఏడాది ఆగస్టులోను గరిష్ఠ పరిమితి విధించింది. మందులను ముద్రించిన గరిష్ఠ ధర కంటే ఎక్కువకు అమ్మడం నేరం.

చేరిన తొలి గంటల్లో చేయదగినవి

రోగికి ప్రథమ చికిత్స అందుతుండగానే కుటుంబంలో ఒకరు 104 నంబరుకు ఫోను చేసి, ఆ ఆసుపత్రి ఆ జబ్బుకు నెట్‌వర్క్‌లో ఉందో లేదో తెలుసుకోవచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. కార్డు నమోదు, అనుమతి పత్రాలు చూసుకునేది వారే. అత్యవసరమైతే ట్రస్టు ఫోను ద్వారానే అనుమతి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేదని తేలితే, ప్రాణాపాయం గడిచిన తరువాత రోగిని నెట్‌వర్క్ ఆసుపత్రికి తరలించవచ్చునా అని వైద్యునితోనే చర్చించాలి. ప్రయాణం తట్టుకోలేని రోగిని డబ్బు భయంతో కదిలించడం ప్రమాదకరం. తరలింపు సాధ్యమైన చోట మాత్రం ఒక్క రోజు ముందు కదిలినా బిల్లు ఎంతో తగ్గుతుంది.

నెట్‌వర్క్ ఆసుపత్రే కార్డుదారు నుండి డబ్బు తీసుకుంటే అది ఒప్పంద ఉల్లంఘన. 104కు గానీ, సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఫిర్యాదు చేయవచ్చు. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయినప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు కూడా పలుమార్లు వచ్చాయి. 2025 అక్టోబరులో అటువంటిదే జరిగింది. అటువంటి రోజుల్లో కార్డున్న రోగి నెట్‌వర్క్ లోపలే ఉండి కూడా బయటివాడితో సమానమవుతాడు.

ప్రైవేటు బీమా ఉన్నవారికి

ప్రైవేటు ఆరోగ్య బీమాలో నెట్‌వర్క్ బయట వైద్యం చేయించుకుంటే ముందు డబ్బు కట్టి, తరువాత బీమా సంస్థ నుండి తిరిగి పొందడం ఆనవాయితీ. 2024 జనవరిలో సాధారణ బీమా మండలి దీనిని సడలించి, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రుల్లోనూ నగదు రహిత వైద్యానికి వీలు కల్పించింది. ముందే అనుకున్న చికిత్సకైతే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు బీమా సంస్థకు తెలియజేయాలి. ఆసుపత్రి ఒప్పుకోకపోతే మాత్రం పాత పద్ధతే గతి.

గది అద్దె పరిమితి గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పాలసీలో రోజుకు 3,000 రూపాయల గది అని ఉండగా 6,000 రూపాయల గదిలో చేరితే, కొన్ని పాలసీల్లో అద్దెలోనే కాక వైద్యుల ఫీజులు తదితరాల్లోనూ సగం కోత పడుతుంది. రోగి బంధువులకు ఇది డిశ్చార్జి రోజున గానీ తెలియదు.

బీమా సంస్థ క్లెయిము తిరస్కరించినా, నెల రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వకీలు అవసరం లేదు. ఫిర్యాదు ఏడాది లోపు చేరాలి.

బిల్లు చేతికి వచ్చిన తరువాత

మొదట అడగవలసింది వివరమైన బిల్లు. "మందులు - ఇంత, ఇతరములు - ఇంత" అని వ్రాసిన చీటీ సరిపోదు. తేదీల వారీగా ప్రతి పరీక్ష, ప్రతి మందు, ప్రతి వైద్యుని ఫీజు విడిగా ఉండాలి. దీనితోపాటు డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల నివేదికలు, చెల్లింపు రసీదుల అసలు ప్రతులు తీసుకోవాలి. తరువాతి మార్గాలన్నింటికీ ఆధారం ఇవే. చదువురాని కుటుంబమైతే ఊళ్ళో ఉపాధ్యాయుడో, గ్రామ సచివాలయ ఉద్యోగో ఒకసారి కూర్చొని సరిచూస్తే, చేయని పరీక్షలు, రెండుసార్లు పడిన మందులు ఉంటే బయటపడతాయి.

ధర తగ్గించమని అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. పథకంలో అదే చికిత్సకు ఉన్న ప్యాకేజీ ధరను చూపి మాట్లాడితే బేరానికి ఒక ప్రాతిపదిక ఉంటుంది, కాని ఆసుపత్రి దానికి కట్టుబడనక్కరలేదు.

బిల్లు కట్టలేదని రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపి ఉంచే హక్కు ఆసుపత్రికి లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. బాకీ ఉంటే ఆసుపత్రి సివిల్ దావా వేసుకోవచ్చు, అంతే తప్ప మనిషిని తాకట్టు పెట్టుకోకూడదు. ఇటువంటిది జరిగితే పోలీసులకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి తెలియజేయవచ్చు. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద నమోదై ఉండాలి.

ముఖ్యమంత్రి సహాయ నిధి నేటికీ ఉంది. దరఖాస్తు సాధారణంగా స్థానిక శాసనసభ్యుని కార్యాలయం ద్వారా వెళ్తుంది. అసలు బిల్లులు జతచేయాలి కనుక ముందుగా నకళ్ళు తీయించి ఉంచుకోవడం మంచిది. వచ్చే మొత్తం ఖర్చులో కొంత భాగమే.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులకు 1972 నాటి వైద్య హాజరు నియమాల కింద వైద్య ఖర్చు తిరిగి పొందే వీలుంది. డిశ్చార్జి అయిన ఆరు నెలల లోపు అత్యవసర ధృవపత్రం, ఆవశ్యకత ధృవపత్రం జతచేసి శాఖ ద్వారా దరఖాస్తు చేయాలి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు కూడా ఉంది. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్ళు. 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. అయితే "ఎక్కువ తీసుకున్నారు" అన్న మాట ఒక్కటే నిలవదు. ప్రదర్శించిన ధర కంటే, చట్టం నిర్ణయించిన ధర కంటే లేదా ఇరుపక్షాలు ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ వసూలు చేసినట్లు చూపాలి. చేరేటప్పుడు అంచనా ఖర్చు కాగితం మీద వ్రాయించుకోవడం ఇందుకే అవసరం.

న్యాయస్థానాల తీర్పులు

పశ్చిమ బెంగాలులో 1992లో రైలు నుండి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కార్మికుని, పడకలు లేవని, సదుపాయం లేదని ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు త్రిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు 17 వేల రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసుగా పేరుపొందిన ఈ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని చెప్పి, ప్రభుత్వం 25 వేలు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. నిధులు లేవన్న సాకు చెల్లదని కూడా చెప్పింది. కొండ గ్రామాల రోగుల విషయంలో ఇంతకంటే దగ్గరి తీర్పు కనబడదు.

2018లో శివకాంత్ ఝా కేసులో, ఒక కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు అత్యవసరంగా గుర్తింపు లేని ఆసుపత్రిలో చేరితే, జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో ఖర్చును నిరాకరించరాదని సుప్రీంకోర్టు పేర్కొంది. వైద్యం నిజంగా జరిగిందా, పత్రాలతో రుజువైందా అన్నదే చూడాలని చెప్పింది. ఇది ఉద్యోగుల పథకానికి సంబంధించిన తీర్పు.

అమెరికాలో

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రుల వలన ఈ సమస్య తెలుగు కుటుంబాలకు మరో రూపంలో పరిచయమైంది. అక్కడ 2020 డిసెంబరులో చేసిన నో సర్‌ప్రైజెస్ చట్టం 2022 జనవరి 1 నుండి అమలులో ఉంది. దీని ప్రకారం అత్యవసర వైద్యానికి నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి కూడా బీమా ఉన్న రోగి నుండి నెట్‌వర్క్ లోపలి వాటా కంటే ఎక్కువ అడగకూడదు. విమాన అంబులెన్సులు చట్టంలో ఉన్నాయి గానీ రోడ్డు అంబులెన్సులు లేవు. సందర్శకులు కొనుక్కునే తాత్కాలిక పాలసీలకు ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. బీమా లేని రోగికి ముందుగా ఇచ్చిన అంచనా కంటే బిల్లు 400 డాలర్లు లేదా అంతకు మించి పెరిగితే వివాదం లేవనెత్తే అవకాశం ఉంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానాన్ని వ్రాతపూర్వకంగా ప్రకటించడం అక్కడ తప్పనిసరి.