పాటు మీద పంటు దిగాలంటే

నరసాపురం రేవు. పాటు సమయం, నీళ్ళు బాగా లాగేశాయి. ర్యాంపు అడుగంతా వశిష్ఠ గోదావరి వదిలిపోయిన జిడ్డు బురద. అంబాసిడర్ ముందు సీట్లో పెదనాన్న పక్కన ఇద్దరం సర్దుకున్నాం. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉంటుంది కాబట్టి ఎవరి మోకాలూ దానికి అడ్డం రాదు. వెనక నలుగురు, డిక్కీలో బియ్యం బస్తా, వంట గిన్నెలు. అంతర్వేది ప్రయాణం.

మన వెనక బావ మారుతీ 800 ఎందుకో ఒడ్డునే వెనక్కి తిరిగింది. రివర్స్‌లోనే రేవు దాటించే పంటు మీదికి దిగుతోంది.

పంటు కదిలింది. ఇనప రేకుల మీద రెండు కార్లూ పక్కపక్కనే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కడుపున పుట్టిన మన బండికి 1489 సీసీ పెట్రోలు ఇంజను. దాని బలం కారు కింద పొడుగాటి షాఫ్టు వెంట వెనక ఇరుసు దాకా పోవాలి. తిరిగేవి వెనక చక్రాలు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీకి ఆ షాఫ్టే లేదు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్సూ దాని పక్కనే, బండిని లాగేవి ముందు చక్రాలు. చిత్రంగా రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది.

అవతలి ఒడ్డు, సఖినేటిపల్లి వచ్చింది. "ఆయ్, అందరూ దిగిపోండి, బండి తేలికవుద్ది" అంటున్నాడు పంటు కుర్రాడు.

"ఎవరూ దిగొద్దు! వెనకోళ్ళు సీటుకి ఆనుకుని కూర్చోండి" అని పెదనాన్న కేక.

ఫస్టు గేరు. వెనక చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగి బురద చిమ్మాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, పైగా బస్తా, మనుషులు. రబ్బరు నేలని పట్టింది. మూలుగుతూనే పైకొచ్చేశాం. (ఇదే బండి ఖాళీగా వానలో మలుపు తిరిగితే తోక జాడిస్తుంది. అప్పుడు నన్నడిగితే మారుతీయే నయం.)

బావ కారు దగ్గర అంతా తిరకాసు. అక్కయ్యా పిల్లలూ దిగి నడుస్తున్నారు. ఖాళీ కారు రివర్స్‌లో కీచుమంటూ ఎక్కుతోంది. ఇంజను బరువూ తిరిగే చక్రాలూ రెండూ దిగువనే ఉన్నాయి, ఇక జారడమెందుకు? గడ్డం మీద చెమట తుడుచుకుంటూ బావ నవ్వాడు.

వాళ్ళ వెనక కొత్త కారొకటి, నిండా జనం, తిన్నగా ముక్కుతో ఎక్కబోయింది. ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, కారు మాత్రం జానెడు కదల్లేదు. కుర్రాళ్ళు డిక్కీ పట్టుకుని తోస్తున్నారు.

పెదనాన్న ఉండబట్టలేక తలుపు తీసుకుని దిగాడు.

"ఒరే అబ్బాయిలూ, వెనక కాదర్రా! ఆ కారులో వాళ్ళని దింపి, ఇద్దరు బానెట్ మీద కూర్చోండి!"