నియమావళియు, నిపుణుని విచక్షణయు

1881వ సంవత్సరాంతమున లండను నగరమందలి సవాయ్ నాటకశాలలో సుమారు 1,200 విద్యుద్దీపములు వెలిగినవి. గ్యాసు దీపముల మంట తొలగినది గాని, గోడలలో దాగిన తీగెలు వేడెక్కి నిప్పంటుకొను క్రొత్త భయము వచ్చినది. ఈ పనిలో అనుభవము గలవారు ఆనాడు అరుదు.

అందుచే 1882లో అక్కడి టెలిగ్రాఫు, విద్యుత్ ఇంజనీర్ల సంఘము అగ్నిప్రమాద నివారణకై ఒక నియమావళిని ప్రకటించెను. నేటి బ్రిటిష్ వైరింగు నియమములకు మూలమిదియే. మామూలు ప్రవాహమునకే తీగె వెచ్చబడినచో అది సన్ననిదని గ్రహించి, లావు తీగె వేయవలెనని అందు చెప్పబడినది. ఒకే తీగెలో ప్రవాహము రెండింతలైనచో పుట్టు వేడిమి నాలుగింతలగును గదా! అయినను భద్రతకు ముఖ్యాధారము పనిని పర్యవేక్షించు నిపుణుడేయని ఆ నియమకర్తలే స్పష్టపరచిరి.

వారి మాట ఎంత నిజమో నూరేండ్ల తరువాత తేటపడినది. పెద్ద వాణిజ్య భవనములకు విద్యుత్తు మూడు ఫేజులలో వచ్చును. మూడింటిపై మామూలు దీపముల భారము సమానముగా నున్నచో, వాని ప్రవాహములు న్యూట్రల్ తీగెలో ఒకదానినొకటి రద్దు చేసికొనును. కనుక న్యూట్రల్‌కు సన్నని తీగె వేయుట పూర్వము అనుమతింపబడుచుండెను. 1980ల నుండి కార్యాలయములలో కంప్యూటర్లు పెరిగినవి. అవి విద్యుత్తును సమముగాగాక, తునకలు తునకలుగా గ్రహించును. అందువలన పుట్టు మూడవ హార్మోనిక్ ప్రవాహములు న్యూట్రల్‌లో రద్దు గాక, ఒకదానితో నొకటి కూడును. న్యూట్రల్ ప్రవాహము ఫేజు ప్రవాహమును సైతము మించవచ్చును. పాత పుస్తకము ప్రకారము సరియైన తీగెయే ప్రమాదకరమయ్యెను! ప్రవాహమును కొలిచి చూచినవానికే ఇది తెలియును. తరువాతి నియమములలో హార్మోనిక్కుల ప్రస్తావన చేరినది.

అట్లని విచక్షణ యనగా ఖర్చు తగ్గింపుకై నియమమును సడలించుట కాదు. దుకాణదారు కోరెనని తీగెను సన్నగించుట విచక్షణ యనిపించుకొనదు. 1992లో బ్రిటిష్ ప్రమాణముగా మారిన ఆ నియమావళి, క్రొత్త పదార్థములను, క్రొత్త పద్ధతులను వాడుటకై నియమమునుండి తొలగుటకు తావిచ్చుచున్నది. కాని అందువలన భద్రత ఏమాత్రము తగ్గరాదు; ఆ మార్పును ధ్రువపత్రములో నమోదు చేయవలెను.

కావున నియమమునుండి తొలగిన ఇంజనీరు అందులకు సంతకముతో బాధ్యత వహింపవలెను. నియమమును పాటించిన ఇంజనీరును తీగెలను పరీక్షించియే స్విచ్చి వేయవలెను.