పాత లారీకి టర్బో: బిగించే ముందు తెలుసుకోవలసినవి

పాత లారీ మీదే జీవనం సాగిస్తున్న కుటుంబాలు మన సంఘంలో ఇంకా ఉన్నాయి. "ఇంజనుకు టర్బో పెట్టిస్తే ఘాట్ సులువుగా ఎక్కుతుందట, డీజిల్ కూడా మిగులుతుందట, నిజమేనా?" అని ఒక సభ్యుడు ఇటీవల అడిగారు. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, మెకానిక్‌ను కాను. అనుభవమున్న మేస్త్రీలను అడిగి, చట్టం చూసి ఇది రాస్తున్నాను.

టర్బో చేసే పని

డీజిల్ పూర్తిగా మండాలంటే తగినంత గాలి కావాలి. పాత ఇంజన్ పిస్టన్ లాగినంత గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బోలో ఒకే ఇరుసు మీద రెండు చక్రాలుంటాయి. సైలెన్సర్‌కు పోయే వేడి పొగ ఒకదాన్ని తిప్పితే, రెండోది గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు.

మన ఊరికి ఇందులో ప్రత్యేకత ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి దాదాపు పదో వంతు పలచన. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా లోడుతో వచ్చే పాత లారీ నల్లపొగ కక్కడానికి ఇదీ ఒక కారణం.

ఎక్కడ దెబ్బతింటుంది?

టాటా 697 ఇంజన్ మొదట టర్బో లేకుండా వచ్చింది. తర్వాత కంపెనీయే టర్బో, ఇంటర్‌కూలర్ పెట్టి అమ్మింది. దాంతో "అదే ఇంజన్ కదా, మనమూ బిగిద్దాం" అనుకుంటారు. పొరపాటు ఇక్కడే. కంపెనీలు టర్బో ఇంజన్ చేసేటప్పుడు పిస్టన్లు, హెడ్ గాస్కెట్, పంపు, ఆయిల్ కూలింగ్, రేడియేటర్ అన్నీ దానికి తగ్గట్టు చూసుకుంటాయి. పాత ఇంజనుకు టర్బో ఒక్కటే తగిలిస్తే వేడి పెరిగి గాస్కెట్ పోవచ్చు, పిస్టన్ కరగవచ్చు. ఇంజన్ తట్టుకున్నా క్లచ్ ప్లేటు, గేర్ బాక్స్ తట్టుకోకపోవచ్చు. గాలి పెంచకుండా పంపు మాత్రమే తిప్పితే డీజిల్ పొగై పోతుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ తప్పదు. ప్రమాదం జరిగినప్పుడు ఆర్సీకి, బండికి పొంతన లేకపోతే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. అప్పుడు మేస్త్రీ పక్కన ఉండడు, ఓనరే నిలబడాలి.

ముందు చేయవలసినవి

● ఎయిర్ ఫిల్టర్ మార్చండి. నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్ చేయించండి.
● టాపెట్లు సరిచేయించి, కంప్రెషన్ చూపించండి. పోయిందనుకున్న బలం చాలావరకు ఇక్కడే తిరిగి దొరుకుతుంది.
● కంపెనీ టర్బో ఇంజన్‌నే వేయించాలనుకుంటే, డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కాలి.
● కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన బండి అయితే, ఘాట్ ఎక్కి ఆపేటప్పుడు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఆయిల్ టైముకు మార్చండి. టర్బో బేరింగుకు ఆయిలే ప్రాణం.

మమ్మల్ని అడిగిన సభ్యుడు ముందు పంపు పని చేయించారు. పొగ తగ్గింది. టర్బో మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. షెడ్డుకు వెళ్లే ముందు మీరూ ఒకసారి ఆర్సీ తీసి చూసుకోండి.