చెవి మెత్తల కథ

ఏ వస్తువు తీసుకున్నా ముందుగా పాడయ్యేది అందులోని మెత్తటి భాగమే. సైకిలుకు సీటు, చెప్పుకు పట్టీ, సోఫాకు దిండు, దిండుకు గలీబు. ఇనుమూ కర్రా నిక్షేపంలా ఉండగానే ఇవి చిరిగి పీలికలై పోతాయి. మన ఇళ్లలో వీటన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతు జరుగుతుంది. హెడ్‌ఫోను చెవి మెత్తకు మాత్రం ఆ అదృష్టం తక్కువ. నల్లటి పొట్టు రాలి, చెంపలకూ మెడకూ అంటుకుని, "అదేమిట్రా, మొహాన ఆ మసి?" అని అమ్మ అడిగేదాకా దాని ఊసే ఎవరికీ పట్టదు. పట్టినా, బజారులో చవగ్గా దొరికినదేదో తెచ్చి తగిలించేసి ఊరుకుంటారు.

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు మీదుగా రామచంద్రాపురం దాకా సాగే రోడ్డు వెంట చెవులు కప్పుకునే వాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. పాట వినడానికి కప్పుకునేవాళ్లు ఒకరు, మోత వినకుండా ఉండడానికి కప్పుకునేవాళ్లు మరొకరు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ వెలిసింది. ఆ తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందులూ రంగులూ ఇనుపసామానూ తయారుచేసే ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. 1984లో ఎద్దుమైలారంలో యుద్ధ శకటాలు తయారుచేసే ఆయుధ కర్మాగారం వచ్చింది. 2008లో ఐ.ఐ.టి. పుట్టినప్పుడు, సొంత గూడు లేక, ముందు ఆ ఎద్దుమైలారం ఫ్యాక్టరీ వాళ్ల ఆవరణలోనే తలదాచుకుంది. తర్వాత గాని కందికి మారలేదు. అంటే కొన్నేళ్లపాటు ఈ రెండు రకాల చెవులూ ఒకేచోట ఇరుగుపొరుగుగా కాపురం చేశాయన్నమాట! ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒక్కటే, చెవి చుట్టూ గాజులా కూర్చునే ఆ మెత్త.

ఇంతకీ ఈ మెత్త మొదటినుంచీ ఉన్నది కాదు. 1880లలో అమెరికాలో టెలిఫోను ఆపరేటర్ల కోసం ఒక సాధనం చేశారు. భుజం మీద పెట్టుకుని మోయాలి, బరువు నాలుగైదు కిలోలు. నీళ్లబిందె చంకనెత్తుకుని కబుర్లు వినడమే అనుకోండి. ఆ తర్వాత 1910 ప్రాంతాల యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తలకు తగిలించుకునే జోడు ఫోన్లు చేసి నౌకాదళానికి పంపాడు. బాగున్నాయి, మరిన్ని కావాలని వాళ్లు రాస్తే, "ఒక్కసారికి పది కంటే చెయ్యలేను" అన్నాడట. కారణం, ఆయన కార్ఖానా ఆయన వంటిల్లే. వంటింట్లోంచి ఇడ్లీలు తప్ప మరేదీ రాదనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి.

మన వైపు ఈ వినికిడి 1924లో మొదలైంది. ఆ ఏడు మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు ప్రారంభించారు. ఆ రోజుల్లో క్రిస్టల్ సెట్టుకు స్పీకరు నడిపే శక్తి ఉండేది కాదు. పాట వినాలంటే గట్టి రబ్బరు బిళ్లల్ని చెవులకు అదిమి పెట్టుకోవలసిందే. అరగంట సంగీతం వింటే చెవులు కందగడ్డలే. అయినా గాలిలోంచి పాట వస్తోందన్న ఆశ్చర్యంలో చెవి నొప్పిని ఎవరు లెక్కపెట్టారు!

మెత్తకు మంచిరోజులు తెచ్చింది యుద్ధం. విమానం ఇంజను హోరులో పైలట్‌కు మాట వినపడకపోతే ప్రాణానికే ముప్పు. 1940లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎస్.ఎస్. స్టీవెన్స్ ఆధ్వర్యాన ఒక ప్రయోగశాల పెట్టి, మోతలో మాట ఎలా వినిపించాలన్నది పరిశోధించారు. ఇయర్‌ఫోను ఎంత మంచిదైనా చెవికీ దానికీ మధ్య సందు ఉంటే లాభం లేదని ఆ కాలం వాళ్లకు బాగా తెలిసివచ్చింది. అప్పటి అమెరికన్ సైన్యం వాడిన రబ్బరు మెత్త ఒకదానికి ఎమ్మెక్స్-41/ఏఆర్ అని పేరు. యుద్ధం ముగిసినా ఆ మెత్తకు ఉద్యోగం పోలేదు. చెవి డాక్టర్లు వినికిడి పరీక్ష చేసే యంత్రానికి టీడీహెచ్-39 అనే ఇయర్‌ఫోనుతో జతగా దశాబ్దాల తరబడి అదే నిలిచింది. అంతేకాదు, ఆ యంత్రం అంకెల్ని ఆ మెత్త తొడిగి ఉన్నప్పటి లెక్కలోనే కట్టారు. మెత్త మారిస్తే కొలత చెల్లదు. పైపై అలంకారం అనుకున్నది యంత్రంలో సగమని దీంతో తేలిపోయింది.

శాంతికాలంలో కథ సరదాగా సాగింది. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లు చేశాడు. 1968లో జర్మనీ కంపెనీ సెన్‌హైజర్, పసుప్పచ్చని స్పాంజి తొడిగిన హెచ్‌డీ 414 తెచ్చింది. చెవిని మూసెయ్యకుండా, లోపలి పాటా బయటి గాలీ కలిసి రానిచ్చే పద్ధతి దానిది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక, చెవి మీద స్పాంజి బిళ్లతో వీధిలో నడిచే మనిషి ప్రపంచమంతటా కనిపించాడు. ఇప్పుడు "మెమరీ ఫోమ్" అని దుకాణంవాళ్లు గొప్పగా చెప్పేది కూడా 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ కోసం, విమానం సీట్లకని చార్లెస్ యోస్ట్ కనిపెట్టినదే.

ఇక మన ఇంటి లెక్కలోకి వద్దాం. కుక్కరుకు గాస్కెట్ ఎంతో హెడ్‌ఫోనుకు మెత్త అంత. గాస్కెట్ గట్టిపడితే ఆవిరి పక్కనుంచి పోతుంది, విజిల్ రాదు, పప్పు ఉడకదు. స్టవ్వును తిట్టుకుని ప్రయోజనం లేదు. మెత్త గట్టిపడినా అంతే. సందులోంచి ముందుగా జారిపోయేది మృదంగం, తబలా డగ్గా లాంటి కింది నాదం. పాట పల్చబడి గీపెట్టినట్టుంటుంది. మనం కంపెనీని తిట్టి కొత్త హెడ్‌ఫోను కొంటాం!

కొత్త మెత్తలు ఎంచుకునేటప్పుడు చూడవలసినవి పెద్దగా లేవు. పాతది ఊడదీసి, అడ్డం, నిలువు, లోపలి రంధ్రం, మందం స్కేలుతో కొలుచుకోవాలి. అతికించేదో, అంచు మడిచి తొడిగేదో, బిగింపు రింగు ఉన్నదో గమనించుకోవాలి. కోఠీ గుజరాతీ గల్లీకి పోయేవాళ్లు పాతదాన్ని సంచీలో వేసుకుపోవడం అన్నిటికంటే క్షేమం. తోలులాంటి రెక్సిన్ మెత్త సందు బాగా మూస్తుంది, కింది నాదం నిండుగా ఉంటుంది. కాని మన వైశాఖమాసంలో చెవులు ఉడికిపోతాయి, చెమటకూ తేమకూ ఆ పైపొర రాలుతుంది కూడా. గుడ్డ, మఖమలు మెత్త చల్లగా ఉంటుంది. కాని కింది నాదం కొంత కోసుకుంటుంది. మరీ మందంగా ఉన్నది హాయిగానే ఉంటుంది గాని, స్పీకరు చెవికి దూరమై పాట తీరే మారుతుంది. మెత్తదనం కోసం పోతే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందన్నమాట. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు మరీ మెత్తనిదే చూసుకోవాలి, లేకపోతే కాడ దగ్గర సందు తప్పదు. రెండు చెవులకూ ఒకేసారి మార్చాలి. తగిలించాక, బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని, రెండు అరచేతులతో మెత్తల్ని కొంచెం అదమండి. అదిమితే కింది నాదం ఒక్కసారిగా పెరిగిందా, సందు ఉన్నట్టే లెక్క.

పాట దగ్గర ఈ సందు ఖరీదు కాస్త మాధుర్యం. మోత దగ్గర దాని ఖరీదు వేరు. ఫ్యాక్టరీలో పెట్టుకునే ఇయర్ మఫ్‌లదీ ఇదే మెత్త. సందు పడిందంటే అక్కడ లోపలికి వచ్చేది కంప్రెసరు హోరు, గ్రైండరు కీచు. షిఫ్టు పనికి పోయే ఒక తమ్ముడి చేతిలో మఫ్‌లు చూశాను. మెత్తలు ఎండిన రొట్టెలా పగిలి ఉన్నాయి. ఇదేమిటయ్యా అంటే, "స్పంజి పోతే ఏమైతదక్కా, డొప్పలు మంచిగనే ఉన్నయి గదా" అన్నాడు. కుక్కరు మంచిగానే ఉంది, గాస్కెట్ ఒక్కటే లేదు!

మన ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్సు మోతను హద్దుగా పెట్టారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, మోత వల్ల వచ్చే చెవుడు కూడా వృత్తిరోగాల జాబితాకెక్కింది. చట్టం గుర్తించింది గాని, చెవుడు పద్ధతి చట్టం కంటే నిదానం. ముందు సన్నని ధ్వనులు పోతాయి. స, శ, త లాంటి అక్షరాలు, పిట్టల కూత, చంటిపిల్లల మాటలు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. "మా ఆయన వినిపించుకోడు" అని భార్య అనుకుంటుంది. ఆయన వినిపించుకోవడం మానలేదు. వినే శక్తిని ఫ్యాక్టరీలో కొద్దికొద్దిగా పోగొట్టుకుని వచ్చాడు. లోపలి చెవిలోని సన్నని రోమాల కణాలు ఒకసారి చచ్చాయంటే మళ్లీ మొలవవు. దానికి విడిభాగం ఏ గల్లీలోనూ దొరకదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటూ ఉంటాం. ఆ సామెతలో ఊదినవాడి ఆయాసం గురించే ఉంది గాని, విననివాడి చెవి ఎలా పోయిందన్న విచారణ లేదు. మఫ్‌ల మెత్తలు సాధారణంగా ఆరు నెలలకోసారి, పగిలినా గట్టిపడినా ఇంకా ముందే మార్చాలి. ఆ సామాను ఇవ్వవలసిన బాధ్యత యజమానిది, అడగవలసిన నోరు పనివాడిది. మీ ఇంట్లోంచి ఎవరైనా మోతలోకి షిఫ్టుకు పోతుంటే, డబ్బాలో అన్నంతో పాటు ఆ మఫ్‌ల మెత్తల్ని కూడా ఒకసారి వేలితో నొక్కి చూడండి. నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేవాలి. లేవకపోతే, మార్పించేదాకా వదలకండి.