వృత్తిక్లాంతి – వైద్యసేవకులు

వైద్యులు, నర్సులు మున్నగువారికి చిరకాలము ఆర్తుల నడుమ, విశ్రాంతి చాలక, పనిచేయుటవలన కలుగు మనశ్శోష వృత్తిక్లాంతి యనబడును. ఆసుపత్రులలో దీనినే బర్న్‌అవుట్ అందురు. సత్తువ యుడిగిపోవుట, రోగిపట్ల ఆర్ద్రత యింకిపోవుట, తన సేవ నిష్ఫలమను తలంపు పాతుకొనుట దీని ముఖ్యలక్షణములు.

చరకసంహిత సూత్రస్థానము ఆర్తులయెడ మైత్రియు కారుణ్యమును, సాధ్యరోగులయెడ ప్రీతియు, మరణాసన్నులయెడ ఉపేక్షయు వైద్యునకు విధించినది. పరదుఃఖము నిత్యము సోకు చిత్తమునకు కొంత రక్షణ కావలెనను ఎఱుక ఈ కడపటి విధియందు గోచరించును. తరువాతి శతాబ్దములలో ఈ విచారము వైద్యనీతిలో నొక భాగముగనే సాగెను.

1889లో వైద్యుడు విలియం ఆస్లర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, చలింపని ప్రశాంతత వైద్యునకు ప్రధానగుణమని బోధించెను. ఆ యేడే బాల్టిమోర్ నగరమున వెలసిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ నెలకొల్పిన శిక్షణక్రమమున యువవైద్యులు ఆసుపత్రియందే నివసించి రేయింబవళ్లు సేవచేయవలసియుండగా, ఆ క్రమమే కాలక్రమమున అనేక దేశములకు ఆదర్శమయ్యెను. హాల్‌స్టెడ్ స్వయముగా మార్ఫినునకు లోబడియుండెనను సంగతి మాత్రము చిరకాలము మఱుగుననే యుండెను.

1960 ప్రాంతమున లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఇసబెల్ మెన్జీస్ ఒక పెద్ద ఆసుపత్రిలోని నర్సులను పరిశీలించి, వారిలో కలవరము తగ్గించుటకై యేర్పడిన పద్ధతులే వారిని కృశింపజేయుచున్నవని చూపెను. పనిని తునకలుగా పంచుటవలన ఏ నర్సుకును ఏ రోగితోను పరిచయము నిలువకుండెను. రోగిని పేరుతో గాక మంచముసంఖ్యతో, వ్యాధితో పిలుచుచుండిరి. విద్యార్థినులలో సుమారు మూడవవంతు శిక్షణ ముగియకుండగనే వెడలిపోవుచుండిరి. దోషము వ్యక్తి దౌర్బల్యమునందు గాక పని యేర్పాటునందు వెదకిన ఈ నిశితపరిశీలన మిక్కిలి విలువైనది.

బాల్యమున నాజీల జర్మనీనుండి తప్పించుకొని అమెరికా చేరిన మనోవైజ్ఞానికుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, పగలెల్ల తన వృత్తి నడపుకొని, రాత్రులు న్యూయార్కులోని ఉచితవైద్యశాలలో మాదకద్రవ్యపీడితులకు సేవచేయుచు, తనయందును సహసేవకులయందును తలనొప్పి, నిద్రలేమి, వదలని జలుబు, చిఱుకోపము పెరుగుట గమనించి, 1974లో ఈ స్థితిని వర్ణించు వ్యాసము ప్రకటించెను. అంకితభావము మెండుగా గలవారే దీనికి ముందు లోనగుదురని ఆయన నిర్ణయము. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనువారు వృత్తిక్లాంతిని కొలుచు 22 అంశముల కొలమానమును కూర్చిరి. నేటికిని అధికముగా వాడబడునది అదియే.

1984లో న్యూయార్కు ఆసుపత్రిలో పదునెనిమిదేండ్ల విద్యార్థిని మరణింపగా, ఆమెను చూచిన శిక్షణవైద్యుల దీర్ఘవిధులు చర్చకు వచ్చెను. బెర్ట్రండ్ బెల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘపు సిఫారసులననుసరించి 1989లో న్యూయార్కు రాష్ట్రము శిక్షణవైద్యుల పనికి వారమునకు 80 గంటల పరిమితి విధించెను. 2003లో ఆ నియమము అమెరికా యంతటికి వ్యాపించెను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వృత్తిక్లాంతిని వ్యాధిగా గాక, అదుపు తప్పిన వృత్తిపరమైన ఒత్తిడివలన కలుగు స్థితిగా నిర్వచించెను.

కోవిడ్ కాలమున ఈ బాధ లోకమునకు ప్రత్యక్షమయ్యెను. న్యూయార్కులో పనిచేయుచుండిన అత్యవసర విభాగపు వైద్యురాలొకరు 2020లో ఆత్మహత్య చేసికొనగా, వైద్యసేవకుల మానసికారోగ్యరక్షణకై 2022లో ఆమె పేరిట అమెరికాలో చట్టము వెలువడెను. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో 2020 జూన్‌లో మృతుని బంధువులు ఒక జూనియర్ డాక్టరుపై చేయిచేసికొనగా, జూనియర్ డాక్టర్లు విధులు మాని రోడ్డుపై బైఠాయించి, రక్షణతోపాటు, కోవిడ్ రోగులను ఇతర ఆసుపత్రులకు కూడ పంచవలెనని కోరిరి. భారమంతయు ఒక్కచోట మోపరాదను ఆ కోరిక సహేతుకము.

భారత ప్రభుత్వపు 1992 నాటి ఉత్తర్వు రెసిడెంట్ వైద్యులకు సాధారణముగా దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు మించని విధిని నిర్దేశించినది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళము వారమునకు 74 గంటలు మించరాదని సిఫారసు చేసినది. 1992 నాటి ఉత్తర్వునే అమలుచేయవలెనని రెసిడెంట్ వైద్యుల సంఘములు కోరుచున్నవి.