ట్రింగ్ ట్రింగ్: ఎత్తకముందే చెప్పే మాట

గుడి గంట గణగణ మోగుతుంది. రాగి చెంబు కిందపడితే ఖంగుమంటుంది. గజ్జెలు ఘల్లుమంటాయి. ఫోను మన ఊళ్లకు వచ్చేనాటికే లోహపు మోతలకు తెలుగులో మాటలు బోలెడున్నాయి. అయినా ఆ నల్ల పెట్టెకు వాటిలో ఒక్కటీ అతకలేదు. అచ్చ తెలుగులో ఏ మాటా మొదలుకాని ‘ట్ర’ పట్టుకుని ‘ట్రింగ్ ట్రింగ్’ వచ్చి కూర్చుంది.

ఆ మోత పుట్టుక చూస్తే ఈ మాట ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. గ్రాహంబెల్ 1876లో ఫోను కనిపెట్టినప్పుడు దానికి గంట లేదు. అవతలివాళ్లను పిలవాలంటే అందులోకే కేక వేయాలి. గంట సంగతి చూసింది అతని సహాయకుడు థామస్ వాట్సన్. రెండు చిన్న గిన్నెలు, వాటి నడుమ ఒక సుత్తి, ఆ సుత్తిని అటూ ఇటూ లాగే విద్యుదయస్కాంతం: అంతే సరంజామా. మన దేశపు ఎక్స్ఛేంజీలు పంపే రింగు కరెంటు సెకనుకు పాతికసార్లు అటు వెళ్లి ఇటు వస్తుంది. ఆ లెక్కన సుత్తి సెకనులో యాభై దెబ్బలు వేస్తుంది. విడి దెబ్బలు చెవికి దొరకవు, ‘ర్ర్‌ర్’ అని ఒకటే కలిసిపోతాయి. ‘ట్రింగ్’లో ఉన్న రేఫ అదే.

మరి రెండుసార్లు ఎందుకు? బ్రిటిష్‌వాళ్ల పద్ధతి మనకు దిగింది. 0.4 సెకను మోత, 0.2 సెకను విరామం, మళ్లీ 0.4 మోత, ఆపైన 2 సెకన్ల నిశ్శబ్దం. అమెరికాలో అలా కాదు, 2 సెకన్లు ఏకధాటిగా మోగి 4 సెకన్లు ఆగుతుంది. అక్కడి చెవికి జంట మోత లేదు. మనకేమో టకటక, గలగల, దబదబ అని శబ్దాన్ని రెట్టించి పలకడం పుట్టుకతో వచ్చిన అలవాటు. రెట్టించిన రెండో రూపానికి వ్యాకరణంలో ఆమ్రేడితం అని పేరు కూడా పెట్టుకున్నాం. యంత్రమే ఆమ్రేడితంలో మోగుతుంటే ఇక అడ్డేముంది!

పావగడ దగ్గర ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా అయినా దానికి మూడు వైపులా ఆంధ్రే. బడి, కచేరీ కన్నడంలో. ఇల్లు, సంత, తగువు తెలుగులో. చుట్టరికాలు మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు. పెళ్లి కబురైనా చావు కబురైనా హద్దు దాటే వెళ్లాలి. పావగడ కోడ్ 08136, హిందూపురానిది 08556. పక్క ఊరి మేనమామతో మాట్లాడాలన్నా సున్నాతో మొదలుపెట్టి ఎస్‌టీడీ కొట్టాల్సి వచ్చేది.

అంతకుముందు, మనిషి చేత్తో కలిపే ఎక్స్ఛేంజీ రోజుల్లో, రింగు పొడవు ఆపరేటరు వేలి మీద ఆధారపడేది. మీట ఎంతసేపు నొక్కితే అంతసేపు మోత. ఆగకుండా మోగిందంటే దూరపు ఊరి ‘ట్రంకాలు’ అని ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవాళ్లు. ఆ పొడుగు మోతకు తెలుగులో పేరు పుట్టలేదు గానీ భయం మాత్రం పుట్టింది. ఆ తర్వాత సీ-డాట్ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసింది. ఏసీ గది అక్కర్లేకుండా ఎండకూ దుమ్ముకూ ఓర్చుకునే ఆ పెట్టె 1986లో కర్ణాటకలోనే, కిత్తూరులో, మొదట పనిలోకి దిగింది. ఆపరేటరు వేలు పోయి అన్ని రింగులూ ఒక్కలాగే మోగసాగాయి.

మోతలో తేడా పోయేసరికి జనం రింగుల లెక్కలో తేడా పెట్టుకున్నారు. అవతల ఎత్తితేనే బిల్లు, ఎత్తకపోతే పైసా లేదు. బెంగుళూరు చేరగానే రెండు రింగులిచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరినట్టు. మూడైతే మీరే చేయండి అని. ఏ ఇంటి ఒప్పందం ఆ ఇంటిది. 2003 మే నుంచి సెల్లుకు వచ్చే కాల్ ఉచితమయ్యాక దీనికి ‘మిస్‌కాల్’ అన్న పేరు స్థిరపడింది. పేరుకు తప్పిపోయిన కాల్. పని మాత్రం కావాలని తప్పించడం. ఆ క్రియ కూడా చూడండి: ‘మిస్‌కాల్ ఇయ్యి’, ‘మిస్‌కాల్ కొట్టు’. ‘రింగు పోతాంది, ఎత్తలే’ అంటే మాత్రం అది వేరే ఫిర్యాదు.

హద్దు ఊళ్లలో మిస్‌కాల్ అవసరం మరీ ఎక్కువగా ఉండేది. చేలో నిలబడ్డ మనిషి కదలకపోయినా ఫోను ఆంధ్రా టవరుకు తగులుకుంటే రోమింగయ్యేది, వచ్చిన కాల్‌కీ డబ్బు పడేది. బీఎస్ఎన్ఎల్ ఆ వడ్డన ఎత్తేసింది 2015 జూన్‌లో. ఒక తమాషా ఏమిటంటే, ఫోను ఎత్తేవరకూ రింగుకు భాష లేదు. ఎత్తకపోతే మాత్రం భాష వచ్చేస్తుంది: కర్ణాటక నంబరైతే ‘చందాదారరు’ అని కన్నడంలో, ఆంధ్రా నంబరైతే తెలుగులో, రికార్డు చేసిన గొంతు పలుకుతుంది.

పల్లెల్లో పైసలు మిగుల్చుకోవడానికి వేసిన ఈ ఎత్తు కంపెనీలకూ పనికొచ్చింది. మిస్‌కాల్‌నే వ్యాపారం చేసుకున్న బెంగుళూరు సంస్థ జిప్‌డయల్‌ను 2015లో ట్విట్టర్ కొనేసింది. 2019లో మరీ విడ్డూరం. అప్పట్లో కాల్ చేసినవాడి కంపెనీ, అందుకున్నవాడి కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి. జియో తన వినియోగదారులు చేసే కాల్ రింగును పాతిక సెకన్లకో, అంతకంటే తక్కువకో కుదించింది. అవతలివాడు ఎత్తేలోపు ఆగిపోతే మిస్‌కాల్ అవుతుంది, వాడే తిరిగి చేస్తాడు, 6 పైసలు జియోకు వస్తాయి అన్నది ఎయిర్‌టెల్ ఆరోపణ. చివరికి సెల్‌ఫోను 30 సెకన్లు, ల్యాండ్‌లైను 60 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తేల్చింది. రింగుకు నిబంధనల్లో పొడవు రాసిపెట్టాల్సి వచ్చింది!

ఇప్పుడు ట్రింగ్ ట్రింగ్ వినిపించే ఫోను అరుదు. చేసేవాడి చెవిలో కాలర్ ట్యూను, ఎత్తేవాడి జేబులో గుయ్యిమనే వైబ్రేషను. 2020లో కొన్నాళ్లు రింగుకు ముందు కరోనా హెచ్చరికలోని దగ్గే వినిపించింది. ఆ దగ్గుకు ఎవరూ కొత్త మాట వెతకలేదు. అయినా ఎత్తకుండానే పని జరిపించే రింగు ఒకటి పావగడ వైపు మెట్టనేలలో బతికే ఉంది. బోరుబావి దగ్గర స్టార్టరు డబ్బాలో ఒక సిమ్ము ఉంటుంది. కరెంటు అర్ధరాత్రి వచ్చినా రైతు మంచం దిగనక్కర్లేదు, ఆ నంబరుకు రింగిస్తే చాలు. మోటారు ‘ఎత్తదు’, తిరుగుతుంది.